రోజూ నడుస్తున్నా బరువు తగ్గట్లేదు, మానేయొచ్చా?

శైలజ, విశాఖ:

నమస్కారం అండీ. నాకు 44 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మా అమ్మకి షుగరుంది. పోయినేడాది టెస్టు చేయిస్తే నాకూ బోర్డర్ అని తేలింది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 6.2. "బరువు తగ్గాలమ్మా" అన్నారు డాక్టరుగారు. అప్పుడు 74 కిలోలు. ఉగాది నుంచి తెల్లారకుండానే లేచి బీచ్ రోడ్డులో నడుస్తున్నాను. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి పార్కు హోటల్ వైపు వెళ్ళి రావడం, మొత్తం ముప్పావు గంట. అయ్యాక మా బ్యాచ్ అంతా బండి దగ్గర ఓ ప్లేటు టిఫిను. ఇప్పుడు బరువెంతనుకున్నారు? 73.4. ఆ కాస్తా చెమటేమో అంటున్నారు మావారు.

నెట్లో ఒకాయన వ్యాయామం దండగంటాడు, ఇంకొకాయన పదివేల అడుగులు వెయ్యకపోతే ప్రయోజనం లేదంటాడు. నిజంగా పరిశోధనల్లో ఏం తేలింది? ఇదంతా వృథా అయితే ఆ గంట హాయిగా పడుకుంటాను.

బొబ్బిలి కుర్రోడు:

పరగడుపున ఉలవల కషాయం తాగండి మేడం. మా పిన్ని తాగి బాగా తగ్గింది.

రిటైర్డ్ మాస్టారు, గుంటూరు:

ఉలవలతో చారు పెట్టుకుంటే బాగుంటుంది, అంతవరకే బాబూ.

శైలజ గారూ, నేను మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెప్పి రిటైరయ్యాను. పాఠంలా ఉంటే ఓర్చుకోండి. మీరడిగినదాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. నడిస్తే బరువు తగ్గుతామా అంటే, ఏదో కొద్దిగా. నడిస్తే ఒంటికి మంచిదా అంటే, దీని ముందు చాలా మందులు చాలవు. గొడవంతా ఈ రెండింటినీ ఒకే మిషన్ మీద పెట్టి తూచడం వల్ల.

లెక్కల టీచరు కాబట్టి ముందు లెక్క. మీ బరువుకి నాలుగు కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యేది తీసేసి, నికరంగా 150 కేలరీల చుట్టుపక్కల తేలుతుంది. ఆ ప్లేట్లో వడ ఉంటే చెల్లుకు చెల్లు. పైగా ఒళ్ళు కూడా గడుసుదే. టాంజానియాలో హాడ్జా అని వేటాడుకుని, దుంపలు తవ్వుకుని బతికే జనం ఉన్నారు. వాళ్ళ మగవాళ్ళు రోజుకి సుమారు 11 కిలోమీటర్లు నడుస్తారు. హెర్మన్ పాంట్జర్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం వాళ్ళ రోజువారీ కేలరీల ఖర్చు కొలిచి 2012లో ప్రచురించింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఆఫీసుల్లో కూర్చునే అమెరికావాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదు! నడకకి ఎక్కువ ఖర్చయితే ఒళ్ళు ఇంకోచోట పొదుపు చేస్తుందని ఆయన వాదన. ఎంత పొదుపు చేస్తుందన్న దాని మీద ఇంకా కొట్టుకుంటున్నారు లెండి. కానీ తిండి జోలికి పోకుండా నడకతోనే బరువు దించాలంటే కష్టమన్నది మాత్రం చాలా అధ్యయనాల్లో కనపడిందే.

ఇక రెండోది. ఇది నాకు ఇష్టమైన పాఠం, ఏటా కొత్త బ్యాచికి చెప్పేవాణ్ణి. లండన్లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. డ్రైవరు రోజంతా సీట్లోనే. కండక్టరు టికెట్లు కొడుతూ పైకీ కిందకీ మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. జీతం, జీవితం ఇంచుమించు ఒకటే. 1953లో లెక్కలు బయటపెడితే గుండెజబ్బు కండక్టర్లకి తక్కువ, చావులు మరీ తక్కువ. (మా నాన్న ఆర్టీసీ కండక్టరు. ఈ సంగతి చెబితే, "మా బస్సులో మెట్లెక్కడివిరా, పుట్‌బోర్డు మీదే గుంపు" అన్నాడు.)

వెంటనే అనుమానం వచ్చింది: లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో? అప్పుడు మోరిస్ ఏం చేశాడో తెలుసా? కంపెనీ యూనిఫారాల రికార్డులు తెప్పించి ప్యాంటు నడుం కొలతలు చూశాడు. నిజమే, డ్రైవర్ల ప్యాంట్ల నడుం పెద్దదే. కానీ సన్నటివాళ్ళని సన్నటివాళ్ళతో, లావువాళ్ళని లావువాళ్ళతో పోల్చినా హఠాత్తుగా గుండె ఆగి పోయినవాళ్ళు కండక్టర్లలోనే తక్కువ. నడుం ఎంతున్నా మెట్లు పని చేశాయన్నమాట. ఆ ప్యాంటు కొలతల లెక్క 1956 నాటిది. ఆయన 99 ఏళ్ళు బతికాడు, అది వేరే సంగతి.

మీకు కావలసింది షుగరు సంగతి కదా, అది మన చెన్నైలోనే తేల్చారు. డాక్టర్ రామచంద్రన్ బృందం మీలాంటి బోర్డర్ వాళ్ళని 531 మందిని తీసుకుని మూడేళ్ళు చూసింది. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో 55 శాతం మందికి షుగరొచ్చింది. నడక, తిండి మార్పులు పట్టుగా చేయించినవాళ్ళలో 39 శాతం. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు ఇచ్చినవాళ్ళలోనూ దాదాపు అంతే. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, వాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు! పని చేసే కండ రక్తంలోంచి చక్కెర లాగేసుకుంటుంది. ఆ పనికి తూకంతో సంబంధం లేదు.

పదివేల అడుగులంటారా, అది 1965లో జపాన్లో అడుగులు లెక్కపెట్టే మిషన్ అమ్ముకోవడానికి పెట్టిన పేరు.

వెంకట్, డల్లాస్:

మాస్టారూ, ఒప్పుకోను. నేను జిమ్‌లో చేరే బరువు తగ్గాను.

రిటైర్డ్ మాస్టారు, గుంటూరు:

జిమ్‌లో చేరినప్పుడు రాత్రి భోజనం మార్చలేదా నాయనా, నిజం చెప్పు. తగ్గడానికి తిండి ఎక్కువ సాయం చేస్తుంది, తగ్గింది మళ్ళీ పెరక్కుండా కాయడానికి కసరత్తు. కాబట్టి నువ్వు జిమ్ మానకు.

వెంకట్, డల్లాస్:

అన్నం ఒక పూటే తినేవాణ్ణి, సరే.

శైలజ, విశాఖ:

మాస్టారూ, ఆ వడ సంగతి మావారికి చెప్పకండి. ఒక అనుమానం. బరువుతో పనే లేకపోతే మా డాక్టరుగారు అంతలా ఎందుకు పట్టుబడుతున్నట్టు?

రిటైర్డ్ మాస్టారు, గుంటూరు:

పని లేదని నేననలేదమ్మా. బరువు దిగితే మోకాళ్ళకి, బీపీకి, షుగరుకి అన్నింటికీ మంచిదే. డాక్టరుగారు సరిగ్గానే చెప్పారు. మిషన్ కదల్లేదని నడక మానెయ్యడం ఒక్కటే కూడదంటున్నాను. తిండి దగ్గర కొంచెం చెయ్యి బిగించి, నడక అలాగే ఉంచండి. వారానికి రెండు రోజులు కండ కోసం ఏదో ఒకటి, కుర్చీలోంచి లేచి కూర్చోవడమైనా సరే, మొదలుపెట్టండి. మనవాళ్ళకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరికీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. కొవ్వు కొలిస్తే లండన్ ఆయనకి 9.1 శాతం, మనాయనకి 21.2! 2004లో వాళ్ళిద్దరి ఫొటోతో సహా లాన్సెట్ పత్రికలో వేశారు. అందుకే మనకి తూకం కంటే నడుం కొలత ఎక్కువ చెబుతుంది. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదు.

శైలజ, విశాఖ:

ఇప్పుడే టైలరింగ్ టేపుతో కొలిచాను, 91. ఉగాదికి కొలవలేదు కాబట్టి తగ్గిందో లేదో తెలీదు. కానీ పాత చుడీదార్ల బొందు ఇదివరకంత బిగుతుగా లేదు. హెచ్‌బీఏ1సీ వచ్చే వారం చేయిస్తాను.

రిటైర్డ్ మాస్టారు, గుంటూరు:

బొందు కట్టే చోట కొలిచారేమో. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన పెట్టండి టేపు. ఊపిరి వదిలాక చూడండి, పొట్ట లోపలికి లాగకూడదు. రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టండి.