ఇరాన్ ముజాహిదీన్ భావజాలం షరియతీదా, వాళ్ల సొంతమా?

రమణ_తెనాలి:
ఇరాన్ విప్లవం గురించి చదువుతూ ముజాహిదీన్-ఎ-ఖల్క్ అనే సాయుధ సంఘం దగ్గర ఆగిపోయాను. ఇరాన్ రాజు షా మీద రహస్యంగా పోరాడినవాళ్లు ఖురాన్‌నీ మార్క్స్‌నీ ఎలా కలిపారు? ఈ ఆలోచన ఇరానీ మేధావి అలీ షరియతీ ప్రసంగాల నుంచే వచ్చిందా? 1975లో ఎందుకు చీలారు? హైదరాబాద్‌లో చదివిన ఇరానీ విద్యార్థుల్లో వీళ్ల మనుషులు ఉండేవారా?

పాతబస్తీ_అలీ:
షరియతీయే, అనుమానం వద్దు. మా నాన్నగారు ఆయన్ని ఉర్దూలో చదివేవారు. ప్రవక్త మనవడు హుసేన్ చనిపోయిన కర్బలా యుద్ధాన్ని కన్నీళ్ల దగ్గర ఆపకుండా తిరుగుబాటు పాఠంగా చెప్పింది ఆయనే. మొహర్రం అనగానే అందరికీ మాతమే, అంటే గుండెలు బాదుకునే సంతాపమే గుర్తొస్తుంది. హుసేన్ ఖలీఫా యజీద్‌కి ఎందుకు తల వంచలేదని మాత్రం ఎవరూ అడగరు. నాకు బాధ అక్కడే.

చరిత్ర_మాస్టారు:
ప్రతి చర్చలోనూ ఇదే తప్పు. నా ఎంఫిల్ ఇరాన్ మీదే, అందుకే గట్టిగా చెప్తున్నా. హనీఫ్‌నెజాద్, సయీద్ మొహసిన్, బదీజాదెగాన్ సంఘం పెట్టింది 1965లో. టెహ్రాన్‌లోని హొసైనియే ఎర్షాద్ అనే మత ప్రసంగాల సంస్థలో షరియతీ ప్రసంగాలకు జనం విరగబడింది 1960ల చివర్లో. అప్పటికే వీళ్లు రహస్యంగా కూర్చుని ఖురాన్, నహజుల్ బలాగా (ఇమాం అలీ ప్రసంగాలు, లేఖల సంకలనం) చదువుతున్నారు. వాటితోపాటు అల్జీరియా, క్యూబా, వియత్నాం పోరాటాలు కూడా. చరిత్ర వర్గాలు లేని తౌహీదీ సమాజం (దేవుడొక్కడే అన్న నమ్మకం మీద నిలిచే సమాజం) వైపు నడుస్తుందన్నది వాళ్లు సొంతంగా తేల్చుకున్న మాట. సమాజాన్ని అర్థం చేసుకోవడానికి మార్క్స్‌ని తీసుకున్నారు, దేవుడు లేడన్న మాట వదిలేశారు.

పాతబస్తీ_అలీ:
మరి 1972లో ఎర్షాద్‌ని ఎందుకు మూయించారు సార్? అక్కడ విన్న కుర్రాళ్లే కదా తర్వాత సంఘంలో చేరింది?

చరిత్ర_మాస్టారు:
చేరినవాళ్లు వేరు, పుట్టించినవాళ్లు వేరు. నేను పుట్టుక గురించి మాట్లాడుతున్నా.

పాతబస్తీ_అలీ:
డిగ్రీ ఉంటే గొంతు పెంచాలా? తేదీలు నాకూ తెలుసు. తేదీలు పట్టుకుని మనుషుల్ని తుపాకీ పట్టే దాకా తీసుకెళ్లలేం. దానికి మాట కావాలి, ఆ మాట షరియతీది.

ఇంజనీర్_విశాఖ:
బజర్గాన్ పేరు ఒక్కరూ ఎత్తరేం? ముగ్గురు స్థాపకులూ ఆయన ఫ్రీడమ్ మూవ్‌మెంట్ పార్టీలో పెరిగినవాళ్లే. థర్మోడైనమిక్స్ పాఠాలు చెప్పే ఇంజనీరు ఆయన. సైన్స్‌కీ మతానికీ పడదన్న మాటని జీవితాంతం ఒప్పుకోలేదు. హనీఫ్‌నెజాద్ వ్యవసాయ ఇంజనీరు, మొహసిన్ సివిల్, బదీజాదెగాన్ కెమిస్ట్రీ. మతాన్ని కూడా సైన్సులాగే చదవాలన్న పట్టుదల వీళ్లకి బజర్గాన్ దగ్గరే అబ్బింది. 1963 జూన్‌లో జనం మీద సైన్యం కాల్పులు జరిపాక శాంతి మార్గం మీద ఆశ పోయింది. బజర్గాన్ కూడా కోర్టులో, రాజ్యాంగం ప్రకారం పోరాడేవాళ్లలో మేమే ఆఖరివాళ్లం అని చెప్పేశాడు. షరియతీయా మార్క్సా అని కొట్టుకోవడం కాదు, ఆ కాల్పుల దగ్గర నుంచి మొదలుపెట్టండి.

ఎర్రజెండా_ఖమ్మం:
1975 గురించి అడిగారుగా, నన్ను చెప్పనివ్వండి. జైలు బయట ఉన్న నాయకత్వంలో ఎక్కువమంది మార్క్సిజమే అసలు విప్లవ సిద్ధాంతమని ప్రకటించి మతాన్ని వదిలేశారు. ఒప్పుకోని మజీద్ షరీఫ్ వాకెఫీని చంపి శవాన్ని తగలబెట్టారు. చంపింది సొంత సహచరులే. టెహ్రాన్‌లో షరీఫ్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. ఈ హత్యను వామపక్షాల మొత్తానికీ అంటగట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ చీలిన వర్గమే తర్వాత పేకార్ అనే మార్క్సిస్టు సంఘం అయింది. ఇరాన్‌లో మిగతా కమ్యూనిస్టులకి దానితో ఏం సంబంధం?

సత్యం_నిజామాబాద్:
సంబంధం లేకపోవడమేంటి? రెండు పడవల మీద కాళ్లు పెడితే అంతే. షా ప్రభుత్వం వీళ్లని ఇస్లామిక్ మార్క్సిస్టులు అన్నది ఊరికేనా?

ఎర్రజెండా_ఖమ్మం:
ఆ ముద్ర వేసింది వీళ్లని ఉరితీయించినవాళ్లు. 1972 మేలో ముగ్గురు స్థాపకుల్నీ చంపారు. చంపినవాడు పెట్టిన పేరుతో పిలవడానికి మనస్సెలా ఒప్పుతుందండీ మీకు?

ఉస్మానియా_80:
నా క్లాసులో ఇరానీలు ఉండేవారు. ఒకే దేశం నుంచి వచ్చి క్యాంటీన్‌లో వేరే బల్లల దగ్గర కూర్చునేవారు. విప్లవ నాయకుడు ఖొమైనీ పక్షం, ముజాహిదీన్ పక్షం, మార్క్సిస్టు గెరిల్లాలైన ఫదాయీల పక్షం. 1981లో ఖొమైనీ ప్రభుత్వానికీ ముజాహిదీన్‌కీ పోరు మొదలయ్యాక పలకరింపులు కూడా లేవు. వీళ్ల భావజాలం గురించి ఇంత రాస్తున్నారు, 1986లో ముజాహిదీన్ నాయకుడు రజవీ ఇరాక్ వెళ్లి, ఇరాన్‌తో యుద్ధం చేస్తున్న సద్దాం పక్కన నిలబడ్డ సంగతి ఎవరూ రాయరేం? నా మిత్రుడు అప్పుడే సంఘం వదిలేశాడు.

చరిత్ర_మాస్టారు:
అది భావజాలం పుట్టిన కథ కాదు. రజవీని ఇక్కడికి లాగకండి.

ఉస్మానియా_80:
ఎందుకు లాగకూడదు? పాత సంఘం నాయకత్వంలో ప్రాణంతో మిగిలినవాడు ఆయన. మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు, 1979 జనవరిలో జైలు నుంచి బయటికొచ్చాడు. మొదటి తరం పుస్తకాలు రాసింది, రెండో తరం నడిపింది. రెండూ విడదీసి ఎలా చూస్తారు?

పాతబస్తీ_అలీ:
రమణ గారూ, ఇంకొక్కటి రాసుకోండి. ముజాహిదీన్ మనుషులు ఇరాక్‌లోని నజఫ్‌లో ప్రవాసంలో ఉన్న ఖొమైనీని కలిసి మద్దతు అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఖురాన్‌ని ముల్లాల అనుమతి లేకుండా కుర్రాళ్లే చదివి అర్థం చెప్పుకుంటున్నారు కదా, అది ఆయనకి నచ్చలేదు. 1979 తర్వాత పడ్డ గొడవకి వేరు అక్కడే ఉంది. ఇక మాస్టారూ, ముల్లాలు లేని ఇస్లాంని కుర్రాళ్ల దాకా తీసుకెళ్లింది ఎవరో ఇప్పుడైనా చెప్పండి.

చరిత్ర_మాస్టారు:
మళ్లీ షరియతీ దగ్గరికే వచ్చారు. 1965కి ముందు ఆయన రాసింది ఏదైనా వాళ్ల పాఠాల్లో ఉందని చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.