పాత అకార్డ్‌లో ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ ఇంట్లో మార్చుకోవచ్చా?

డాలస్_డ్రైవర్:
అందరికీ నమస్తే. నా దగ్గర 2010 హోండా అకార్డ్ ఉంది, నాలుగు సిలిండర్లది, 5 స్పీడ్ ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, లక్షా పది వేల మైళ్లు దాటింది, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (గేర్‌బాక్స్‌లో ఉండే ఆయిల్) ఎప్పుడైనా మార్చారో లేదో తెలుసుకుందామంటే కాగితాలేవీ లేవు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు చిన్న కుదుపు వస్తోంది, వేడెక్కాక సర్దుకుంటోంది. దగ్గర్లో ఒక షాపులో అడిగితే మెషీన్ పెట్టి ఫ్లష్ చేస్తామన్నారు, అంటే పాతదంతా ఒకేసారి బయటకి తోసి కొత్తది నింపడం. ఫ్రెండేమో ఇన్నేళ్లు మార్చని బండికి ఇప్పుడు కొత్త ఫ్లూయిడ్ పోస్తే గేర్‌బాక్స్ పోతుంది, ముట్టుకోవద్దు అంటున్నాడు. ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను, జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్ ఉన్నాయి. ఇది కూడా ఇంట్లో అయ్యే పనేనా? టెన్షన్‌గా ఉంది, చేసినవాళ్లు చెప్పండి.

హ్యూస్టన్_గ్యారేజ్:
అవుతుంది బ్రో. ఇంట్లో చేసుకోవడానికి వీలైన ఆటోమేటిక్‌లలో హోండాది ముందు వరసలో ఉంటుంది. చాలా కార్లలో కింద పాన్ విప్పి, ఫిల్టర్ మార్చి, గాస్కెట్ వేసి బిగించాలి. నీ దాంట్లో పాన్ గొడవే లేదు, డ్రెయిన్ బోల్ట్ విప్పితే ఫ్లూయిడ్ దిగిపోతుంది. ఫ్లష్ మెషీన్ అక్కర్లేదు, మామూలుగా దించి నింపితే చాలు.

ఫ్లూయిడ్ మాత్రం హోండా డీడబ్ల్యూ-1 కొను. నీ కారు వచ్చినప్పుడు జెడ్-1 వాడేవాళ్లు, దాని బదులు వచ్చిందే ఇది, లోపల మిగిలిన పాతదానితో కలిసినా ఇబ్బంది లేదు. అన్ని కార్లకూ పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నవి చవగ్గా దొరుకుతాయి కానీ నేనైతే పోయను. క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా పట్టుకుంటాయన్నది ఫ్లూయిడ్ గుణాన్ని బట్టే ఉంటుంది, అక్కడ నాలుగు డాలర్లు మిగిల్చుకుని లాభం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది: పోసే దారి తెరిచాకే కింద బోల్ట్ మీద చెయ్యి వెయ్యి. పైన ఉన్న ఫిల్ బోల్ట్ పట్టేసి రాకపోతే, కింద అప్పటికే మొత్తం దించేసి ఉంటే, బండి కదిలే దారి ఉండదు. అది మొండికేస్తే డిప్‌స్టిక్ (లెవెల్ చూసే పుల్ల) రంధ్రంలో సన్న గొట్టమున్న గరాటు పెట్టి పోయొచ్చు, కాకపోతే నెమ్మదిగా దిగుతుంది.

డ్రెయిన్ బోల్ట్‌కి మధ్యలో చదరపు గుంట ఉంటుంది, 3/8 అంగుళాల రాచెట్ తల నేరుగా అందులో కూర్చుంటుంది, సాకెట్ అక్కర్లేదు. ఇంజిన్ ఆయిల్ బోల్ట్‌కి 17 ఎంఎం తల ఉంటుంది, రెండిటికీ తేడా చూసుకునే విప్పు. దిగిన ఫ్లూయిడ్‌ని కొలత గీతలున్న డబ్బాలోకి వంచి ఎంత వచ్చిందో చూడు, దాదాపు రెండున్నర లీటర్లు ఉంటుంది, సరిగ్గా అంతే కొత్తది పొయ్యి. 18 ఎంఎం వాషర్ కొత్తది వేసి 36 పౌండ్ ఫుట్ టార్క్‌తో బిగిస్తే సరిపోతుంది.

లోపల మొత్తం పట్టేది ఆరున్నర లీటర్లు. మిగతాది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లోనూ సన్న దారుల్లోనూ ఉండిపోతుంది కాబట్టి ఒకసారి మారిస్తే కొత్తది 38 శాతమే అవుతుంది, మధ్యలో నడిపి రెండోసారి మారిస్తే 62, మూడోసారికి 77. అందుకే మూడుసార్లు చెయ్యమంటారు. ఒకే రోజు చెయ్యాలనేం లేదు, ప్రతి ఇంజిన్ ఆయిల్ మార్పుతో పాటు ఒకసారి చేసుకుంటూ పోవచ్చు, పాత బండికి నాకు అదే నచ్చుతుంది.

సియాటిల్_అక్క:
పైన తమ్ముడు చెప్పిన పద్ధతి సరైనదే. నీ ఫ్రెండ్ చెప్పిన మాట గురించి రాస్తాను, ఎందుకంటే ఆ భయంతోనే చాలామంది మంచి బండ్లను పాడుచేసుకుంటున్నారు. కొత్త ఫ్లూయిడ్ గేర్‌బాక్స్‌ని చంపదు. క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగిపోయి, గేరు జారుతున్న స్థితిలో ఆఖరి ప్రయత్నంగా ఫ్లూయిడ్ మారుస్తారు, వారానికి గేర్‌బాక్స్ పోతుంది, నింద కొత్త ఫ్లూయిడ్ మీద పడుతుంది. నువ్వు చూసుకోవాల్సింది ఇదీ: యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పైకి పోతూ బండి మాత్రం వేగం అందుకోవడం లేదా? డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే మాడిన వాసన వస్తోందా? రెండూ లేకపోతే ధైర్యంగా మార్చు. చల్లగా ఉన్నప్పుడు కుదుపు వచ్చి తర్వాత పోవడం జారడం కాదు, పాతబడ్డ ఫ్లూయిడ్‌తో అలా జరుగుతుంది. అయితే మార్చగానే ఆ కుదుపు పూర్తిగా పోతుందని మాత్రం అనుకోకు.

డ్రెయిన్ బోల్ట్‌కి అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే కంగారు పడకు, అది మామూలు అరుగుదలే, తుడిచేసి వెయ్యి. గుచ్చుకునే రజను, ముక్కలు కనిపిస్తే మాత్రం పని ఆపి తెలిసినవాళ్లకి చూపించు.

ఇంకోటి, జాక్ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకు. స్టాండ్లు పెట్టాక కారుని చేత్తో గట్టిగా ఊపి చూసి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, అప్పుడు వెళ్లు.

డాలస్_డ్రైవర్:
ఇద్దరికీ థ్యాంక్స్, మాడిన వాసన లేదు, జారడం కూడా లేదు. లెవెల్ ఎలా చూడాలి? మా డ్రైవ్‌వే కొంచెం వాలుగా ఉంటుంది. పాత ఫ్లూయిడ్ ఎక్కడ పారబోయాలి?

హ్యూస్టన్_గ్యారేజ్:
వాలు మీద చూస్తే తప్పు లెవెల్ చూపిస్తుంది, చదునైన చోటికి తీసుకెళ్లు. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల లోపు డిప్‌స్టిక్ తీసి చూడు. చాలా కార్లలో ఇంజిన్ నడుస్తుండగా చూస్తారు, హోండాలో ఆపాకే చూడాలి. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు, పై గుర్తు దాటనివ్వకు. పాతది మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి ఆటోజోన్, ఓరైలీ లాంటి కారు పార్టుల షాపులో ఇవ్వు, డబ్బు తీసుకోరు. కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ లాంటివి అందులో కలిపితే తీసుకోరు, జాగ్రత్త.

హైదరాబాద్_సిటీ:
అన్నా, నాది 2018 హోండా సిటీ సీవీటీ, నాన్నగారిది వ్యాగనార్ ఏజీఎస్. వీటికీ ఇదే డీడబ్ల్యూ-1 పోయొచ్చా?

సియాటిల్_అక్క:
వద్దు తమ్ముడూ, రెండిటికీ వద్దు. సిటీ సీవీటీకి హెచ్‌సీఎఫ్-2 అనే వేరే ఫ్లూయిడ్ ఉంది. అందులో గేర్లకి బదులు స్టీల్ బెల్ట్ రెండు పుల్లీల మధ్య పట్టు మీద నడుస్తుంది, వేరే ఫ్లూయిడ్ పోస్తే ఆ పట్టే పోతుంది. వ్యాగనార్‌లో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పనీ గేరు వేసే పనీ ఒక యంత్రం చేసిపెడుతుంది, కాబట్టి దానికి మాన్యువల్ గేర్ ఆయిలే పోస్తారు. ఏ గ్రేడో మీ ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, అది చూసి కొనండి. షాపులో "ఆటోమేటిక్‌కి ఆయిల్ ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు, గ్రేడ్ పేరు చెప్పే అడగండి.