అప్‌డేట్: నాటుకోళ్ల ప్రాజెక్టు, రిస్క్ రిజిస్టర్ సంగతి

ఆరు నెలల కింద అడిగాను కదా, దేవరకొండ వైపు మా చిన్న సంస్థ మహిళలకు నాటుకోడి పిల్లలు ఇస్తోంది, నిధులిచ్చేవాళ్లు రిస్క్ రిజిస్టర్ (ప్రాజెక్టును దెబ్బతీసే ప్రమాదాల పట్టిక) అడుగుతున్నారు, ఎలా రాయాలి అని. మీరు చెప్పినట్టే, ఒక్కో ప్రమాదం జరిగే అవకాశానికి 5 వరకు, దాని నష్టానికి 5 వరకు మార్కులేసి గుణించాం. ఆఫీసులో కూర్చుని వేస్తే నిధుల ఆలస్యానికి 20 వచ్చింది, కోళ్లను చంపే కొక్కెర తెగులుకు 6. అదే పట్టిక తండాకు పట్టుకెళ్లి చదివితే ఒకామె నవ్వింది, "ఎండాకాలం రానీయండి సార్, గంప కింద ఏం మిగలదు" అని.

అన్నట్టే అయింది, తెగులొచ్చి కోళ్లు పోయాయి. ఆ తెగులు రాకుండా లసోటా టీకా చుక్కలు కోడిపిల్లల కంట్లో వేయించాం, సరే, కానీ బాక్సులో ఐస్ ఎప్పుడో కరిగి సీసా గోరువెచ్చగా ఉందని ఎవరూ చూసుకోలేదు. అది బతికున్న వైరస్‌తో చేసే టీకా, చల్లదనం పోతే దండగే.

ఇప్పుడు తెగులుకు 20 వేశాం, టీకా రోజు 2 నుంచి 8 డిగ్రీలు చూసే పని ఒకరి పేరు రాసి అప్పగించాం. రిపోర్టులో పంచిన పిల్లల లెక్క కాదు, మూడు నెలలకు బతికున్నవెన్ని అన్నదే మొదటి అంకె. మొదటి బ్యాచ్‌లో సగం కూడా లేవు, సిగ్గుపడుతూనే పంపాం. నిధులిచ్చేవాళ్లు తిట్టలేదు, ఇంకో ఐస్ బాక్సు కొనుక్కోమన్నారు!

వలసల రిస్కే ఇంకా తేలలేదు. ఇల్లంతా హైదరాబాద్ పోతే కోళ్లను చూసేదెవరు?