పిల్లలు ఫిజిక్స్ ఎందుకు ఎంచుకుంటారు?

ప్రశ్న: మా అమ్మాయి పై క్లాసులో ఫిజిక్స్ తీసుకుంటానంటోంది. లెక్కల్లో మార్కులు అంతంత మాత్రమే, అదే నా టెన్షన్. ఎందుకమ్మా అంటే "బాగుంటుంది నాన్నా" అంటుంది, అంతే. మీరంతా ఎందుకు తీసుకున్నారో చెబుతారా?

జవాబు: నేను తీసుకున్నది ఒక దారం వల్లండి. మా సార్ మీటరు దారానికి రాయి కట్టి ఊపమన్నారు. అటు వెళ్లి ఇటు రావడానికి దాదాపు 2 సెకన్లు. రెట్టింపు బరువున్న రాయి కట్టినా అదే 2 సెకన్లు! నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంటికెళ్లి తాళంచెవుల గుత్తి కట్టి చూశాను, మళ్లీ అంతే. దారాన్ని పావు మీటరుకు తగ్గిస్తే ఎంత పడుతుందో ముందే లెక్కేశాను, 1 సెకను అని వచ్చింది. గడియారం పెట్టి చూస్తే సరిగ్గా అంతే. కాగితం మీది లెక్క నా చేతిలోని దారానికి తెలిసినట్టే అనిపించింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. లెక్కలంటే నాకూ భయమే, కానీ ఆ తర్వాత వాటితో పని పడింది కాబట్టి కూర్చుని నేర్చుకున్నాను.

జవాబు: నేను మాత్రం ఇంజినీరింగ్‌కి తప్పనిసరి అని తీసుకున్నాను. ఇష్టం తర్వాత కలిగింది. మీ అమ్మాయికి ముందే ఉంది, ఆపకండి.

ప్రశ్న అడిగినవారు: దారం కట్టి ఇచ్చానండి. స్టాప్‌వాచ్ పెట్టుకుని 10 ఊపులు లెక్కపెడుతోంది, అన్నానికి పిలిచినా రావడం లేదు.