‘ఆనరరీ స్కాలర్’ను తెలుగులో ఏమందాం?

అడిగినవారు: మా యూనివర్సిటీ లైబ్రరీలో డయాస్పోరా (దేశం దాటి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్ల) విభాగానికి ఒక ఆనరరీ స్కాలర్‌ను వేస్తున్నారు. రిటైరైన చరిత్ర ప్రొఫెసరు గారు. జీతం లేదు, రెండేళ్ల గడువు, కూర్చోడానికి ఒక గది. ఇంగ్లిష్ ఆర్డరు తయారైపోయింది, తెలుగు ప్రతి నా నెత్తిన పడింది. ‘గౌరవ పండితుడు’ అని రాసి పంపితే మా సూపరింటెండెంటు గారు “ఏ హైస్కూల్లోనండీ?” అన్నారు. ఏం రాయమంటారు?

ఒక తెలుగు పండిట్: ఆయన అన్నదాంట్లో తప్పేముంది, ఊళ్లో పండితుడంటే మేమే కదా! అయినా అసలు చిక్కు ‘గౌరవ’తో. గౌరవ ముఖ్యమంత్రి అంటే మర్యాద. గౌరవ అధ్యక్షుడంటే పెత్తనం లేని పెద్దరికం. గౌరవ వేతనమంటే జీతం అనకుండా ఇచ్చే డబ్బు, అంగన్‌వాడీ వాళ్లనడగండి చెబుతారు. మీ ప్రొఫెసరు గారు మూడో అర్థం పట్టుకుని అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లకుండా చూసుకోండి.

మరొకరు: ‘ఆస్థాన విద్వాంసులు’ అంటే నిండుగా ఉంటుంది. 1949లో మద్రాసు ప్రభుత్వం చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారిని ఆస్థానకవిని చేసింది కదా. టీటీడీలో ఆస్థాన విద్వాంసులు ఇప్పటికీ ఉన్నారు.

తెలుగు పండిట్: టీటీడీకి చెల్లుతుంది, అక్కడ కొలువున్నది దేవుడు. యూనివర్సిటీలో ఆస్థానం అంటే వీసీ గారికి తెగ నచ్చేస్తుంది, నా భయమదే. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు గౌరవ డాక్టరేటుకి ‘కళాప్రపూర్ణ’ అని సొంత పేరు పెట్టుకున్నారు. 1938లో గిడుగు రామమూర్తి గారికి ఇచ్చారు. ఎంత మంచి మాటో! కానీ అది బిరుదు. మీది పని అప్పజెప్పడం. ఇంతకీ ఆయన చేయాల్సిన పనేమిటి?

అడిగినవారు: బ్రిటిష్ వాళ్ల కాలంలో మారిషస్, దక్షిణాఫ్రికా, బర్మా కూలికి వెళ్లినవాళ్ల కాగితాల నకళ్లు పెట్టెల నిండా ఉన్నాయి. వాటిని చదివి, వివరాలు సరిచూసి, విద్యార్థులకు దారి చూపించాలి.

విజయనగరం నుంచి ఒకరు: అయితే పండితుడూ వద్దు, విద్వాంసుడూ వద్దు. ఆ కాగితాలు పాండిత్యంతో విప్పే ముడి కాదు. మారిషస్‌లో మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లున్నాయి: పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు. తెలుగు రాని గుమస్తాలు చెవికి ఆనినట్టు రాసుకున్నవి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో నాయుడు ‘నైడూ’ అయిపోయాడు. అక్కడే ‘అప్పల్‌సామి’ అని ఇంటిపేరు ఉంది. బయటివాళ్లకు అదొక ఇంటిపేరు, అంతే. మా వైపు వాళ్లం వింటే సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్న అప్పలస్వామి అని ఇట్టే పోల్చుకుంటాం, తాతముత్తాతలు ఏ సీమ నుంచి ఓడెక్కారో ఒక అంచనాకి వస్తాం. ఆ కాలపు కాగితాల్లో ‘కోరింగీ’ అని కనిపిస్తే కులమనుకుని అటు రాసేసేవాళ్లూ ఉంటారు. అది కాకినాడ దగ్గర కోరంగి రేవు. అక్కడ ఓడెక్కినవాళ్లూ, ఎక్కనివాళ్లూ, తెలుగువాళ్లంతా బర్మాలో కోరంగీలే. ఈ పని చేసేవాడు పరిశోధకుడు. ‘గౌరవ పరిశోధకులు’ అనండి, పక్కనే ‘వేతనం లేదు’ అని విడిగా ఒక ముక్క రాయండి. ‘గౌరవ’ మీద అంత బరువు మోపకండి.

మరొకరు: విభాగం పేరు ‘ప్రవాసాంధ్ర’ అని పెట్టొచ్చా?

విజయనగరం నుంచి: ప్రవాసాంధ్రులు అనగానే డాలస్, న్యూజెర్సీ గుర్తొస్తాయి. ప్రవాసంలో తిరిగి వచ్చే ఊరొకటి ఉంటుంది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో డర్బన్ చేరినవాళ్ల మునిమనవళ్లకు ఊరంటే డర్బనే. మారిషస్ తెలుగువాళ్లు ఉగాది చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రామభజన చేస్తారు, అయినా వాళ్లు మారిషస్ వాళ్లే. ఒప్పంద కూలీల కాగితాలకి ‘వలస’ సరైన మాట. ఐటీ వాళ్లకి కావాలంటే ప్రవాసం ఉంచుకోండి.

తెలుగు పండిట్: ‘వలస’ అంటే మన పేపర్లు చదివేవాళ్లకి పాలమూరు కూలీలు గుర్తొస్తారు.

విజయనగరం నుంచి: గుర్తొస్తే రానివ్వండి. వీళ్లూ కూలికే వెళ్లారు, కాకపోతే ఓడలో.

అడిగినవారు: ‘తెలుగు వలస చరిత్ర విభాగం, గౌరవ పరిశోధకులు (వేతనం లేదు)’ అని పంపుతున్నాను. సూపరింటెండెంటు గారు కుండలీకరణం తీసేయమంటారేమో.

తెలుగు పండిట్: తీయనివ్వకండి. కావాలంటే ‘గౌరవ’ తీసేయమనండి.