సీమ మీద అబద్ధాలు ప్రచారం చేసేవాళ్ల మీద కేసులు పెట్టాలా, వద్దా?

మైదుకూరు రోడ్డు:
ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు రావడం మనకు వింతేమీ కాదు. బీబీ నాంచారి కథ ప్రకారం వేంకటేశ్వరుడు వాళ్లకు అల్లుడి వరస. తెల్లారకముందే కొబ్బరికాయ, పూలు, భత్యం (దేవుడికిచ్చే వంట సరుకులు) పట్టుకుని లైన్లో నిలబడతారు. ఈసారి ఆ లైను వీడియోను ఎవరో తీసుకుని, సౌండ్ పీకేసి, ఆంధ్రాలో గుడిని ఆక్రమించారని హిందీలో రాసి వదిలారు. డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు దాన్ని నాకే పంపి, "ఎప్పుడు జరిగింది రా ఇది? ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగాడు. వాడు పుట్టి పెరిగింది ఆ గుడి పక్క వీధిలోనే!

ఊరికే ఖండిస్తూ కూర్చుంటే లాభం లేదని నా అభిప్రాయం. జిల్లాకో టీమ్ పెట్టి, సీమ పరువు తీసే ప్రతి పోస్టు మీదా కేసు కట్టాలి. ఏమంటారు?

పత్తికొండ టమోటా:
కట్టాల్సిందే అన్నా. తొలకరి పడిందంటే మా పక్క తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. ఎవడో యూట్యూబ్‌లో కోడిగుడ్డంత వజ్రం బొమ్మ పెట్టి, రైతు రాత్రికి రాత్రి కోటీశ్వరుడైపోయాడని చెబుతాడు. ఇక చూస్కో, ఎక్కడెక్కడి నుంచో బండ్లేసుకుని దిగుతారు. అప్పుడే విత్తిన చేను తొక్కి పోతారు. అడిగితే మనతోనే గొడవ. అప్పుడప్పుడూ నిజంగానే రాయి దొరుకుతుంది, అదే మా ఖర్మ. పూర్తి అబద్ధమైతే రెండేళ్లకు జనానికే తెలిసిపోయేది.

గుత్తి జంక్షన్:
మైదుకూరు అన్నా, ఆ గుడి వీడియో పచ్చి అబద్ధం. దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. మతాల మధ్య చిచ్చు పెట్టేవాటికి, పుకార్లకు ఇప్పుడున్న బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లోనే సెక్షన్లు ఉన్నాయి, కొత్త టీమ్ అక్కర్లేదు. నాకు భయమేసింది మీరు వాడిన "పరువు" దగ్గర.

కియా సంగతి గుర్తు చేస్తా. 2020 ఫిబ్రవరి 6న రాయిటర్స్ ఒక కథనం ఇచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో పెట్టిన 1.1 బిలియన్ డాలర్ల ప్లాంటును తమిళనాడుకు తరలించే విషయమై మాటలు నడుస్తున్నాయని రాసింది. ప్లాంటు ప్రారంభోత్సవమైంది 2019 డిసెంబరులో, అంటే అప్పటికి రెండు నెలలు. కంపెనీ కాదంది, ప్రభుత్వం కాదంది. ఒక పార్టీకి అది ఆయుధం, ఇంకో పార్టీకి అది కుట్ర. విదేశీ ఏజెన్సీ వార్త కాబట్టి కొరియా దాకా ఒకటే మాట: ఆంధ్రాలో పరిశ్రమ నిలబడదట. ప్లాంటు ఎక్కడికీ పోలేదు. 2023 జులైలో పది లక్షలో కారు కూడా అక్కడి నుంచే బయటికొచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు మీ టీమ్ ఉంటే ఆ విలేకరి మీద కేసు కట్టేదా? పేరు చెప్పని అధికారుల మాట మీద రాసిన వార్త అది. తేలకపోవచ్చు, తప్పే కావచ్చు. కానీ తప్పు వార్త వేరు, కావాలని అల్లిన అబద్ధం వేరు. ఆ తేడా సర్కారే తేలుస్తానంటే ప్రతి సర్కారూ తనకు నచ్చనిదాన్ని రెండో గంపలోనే వేస్తుంది. తన మీద వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చేట్టు కేంద్రం పెట్టబోయిన ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నిబంధనను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో ఊరికే కొట్టేయలేదు.

ఇంకోటి. కరువు ఫోటోలు బయటి పత్రికల్లో వచ్చినా పరువు పోయిందనే అంటాం. కదిరి వైపు నుంచి కేరళకు, బెంగళూరుకు వలస పోయినవాళ్ల మీద రాసినా అంతే. అవి అబద్ధాలా?

పత్తికొండ టమోటా:
పెద్ద పెద్ద విషయాలు బాగానే చెప్తారు గానీ సార్, నా చేను సంగతి ఎవరు చూస్తారు?

హైదరాబాద్‌లో కర్నూలోడు:
ఇక్కడ అద్దె ఇల్లు కోసం పోయి కర్నూలు అన్నానంటే ఓనర్ నవ్వుతూనే "బాంబులు తెచ్చుకోవద్దు బాబూ" అంటాడు. జోకే, కాదనను. పదో ఇంట్లోనూ అదే జోకైతే ఎట్లుంటుందో ఆలోచించండి. ఫ్యాక్షన్ ఎప్పుడో పోయింది, దీనికి సినిమావాళ్ల మీదే కేసు పెట్టాలి.

గుత్తి జంక్షన్:
తమ్ముడూ, ఎప్పుడో అంటే ఎప్పుడు? పరిటాల రవిని 2005 జనవరిలో అనంతపురంలో పార్టీ ఆఫీసు దగ్గరే కాల్చి చంపారు. రాష్ట్రమంతా బస్సులు తగలబెట్టారు. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. ఫ్యాక్షన్ తగ్గిందనడం నిజం, అసలు లేనే లేదని వాదించడం మనం చెప్పే అబద్ధం. పైగా సుమోలు ఎగిరే సీనుకు మొదటి విజిల్ పడేది కర్నూలు, కడప థియేటర్లలోనే కదా! "సీమ బిడ్డ" అని కత్తి బొమ్మతో స్టేటస్‌లు పెట్టేది బయటివాళ్లా?

పులివెందులలో 2019 మార్చిలో వివేకానందరెడ్డి చనిపోయిన పొద్దున కూడా మొదట వచ్చిన వార్త గుండెపోటు. హత్య అని తేలింది తర్వాత. ఆ మొదటి మాట ఢిల్లీలోనో డల్లాస్‌లోనో పుట్టలేదు.

రాయచోటి టు కువైట్:
అందరికీ సలాం. నేను డ్రైవర్ని. మా రూములో అందరూ మన జిల్లా వాళ్లమే. ఊరి వార్తలు మాకు చేరేది ఫోన్లోనే, కాబట్టి ఎక్కువ మోసపోయేది మేమే.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ గ్యాంగ్ దిగిందని ఒక ఆడియో వచ్చింది. ఎవరో మాస్టరు గొంతులా నింపాదిగా, ఊరి పేర్లతో సహా చెప్తాడు. దాంతో పాటు బైక్ మీద వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకెళ్లే వీడియో. రూములో ఎనిమిది మందిమీ ఎవరి ఇంటికి వాళ్లం ఫోన్ చేసి, పిల్లల్ని బయటికి పంపొద్దన్నాం. మా మాట విని ఊళ్లో కర్రలు పట్టుకుని కాపలా కాశారు. దుప్పట్లు అమ్ముకునే మనిషిని కట్టేసి కొట్టారు. అతను ప్రతి ఏడాదీ వచ్చేవాడే. తర్వాత తెలిసింది, ఆ వీడియో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన అని. పిల్లాణ్ణి తిరిగి దించేసి, బోర్డు చూపించే చివరి ముక్కను కత్తిరించేశారంతే. ఆ ఏడాది జులైలోనే మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఇట్లాంటి పుకారుకే ఐదుగురు చచ్చిపోయారు. వాట్సాప్ అప్పుడు గానీ ఫార్వర్డులు ఐదుకు తగ్గించలేదు.

కేసు అంటున్నారు కదన్నా, మా ఎనిమిది మంది మీద కూడా పెడతారా? పంపింది మేమే.

కడప గడప:
ఆ భాయ్ చెప్పింది చాలామందికి వర్తిస్తుంది. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా డప్పు, పాటలతో పోలీసుల చేత చెప్పించారు. కర్నూలు నుంచి ఎంతో దూరం కాదది. మన దగ్గరా గ్రామ సచివాలయాలు ఉన్నాయి, మైకులు ఉన్నాయి. పుకారు వచ్చిన రాత్రే చెప్పాలి, వారం తర్వాత ప్రెస్ మీట్ ఎందుకు?

మైదుకూరు రోడ్డు:
గుత్తి సార్, "పరువు" మాట వెనక్కి తీసుకుంటా. ఫార్వర్డ్ చేసినవాళ్ల జోలికీ పోవద్దు. కానీ ఆ గుడి వీడియోకు హిందీ రాత తగిలించినవాడు పొరపాటున చేయలేదు. వాడి మీద ఫిర్యాదు ఇచ్చి తీరతా. సైబర్ పోలీసులు మొదట అడిగేది అసలు వీడియోనే. ఉగాది పొద్దున దేవుని కడపలో లైన్లో ఉన్నవాళ్లెవరైనా సౌండ్‌తో తీసి ఉంటే ఇక్కడ పెట్టండి. వాట్సాప్‌లో వచ్చింది వద్దు, మీ ఫోన్లో మీరు తీసిందే కావాలి.

పత్తికొండ టమోటా:
మా అక్కావాళ్లు ఆ రోజు అక్కడే ఉన్నారు. రాత్రికి అడిగి చెప్తా. అన్నా, నా చేను ఫిర్యాదు కూడా రాసిపెట్టరాదూ?