రిబ్కా చేసింది న్యాయమేనా?

మమ్రే_నీడ: అందరికీ వందనాలు. మా బైబిల్ స్టడీలో మొదటి పుస్తకం ఆదికాండం 27వ అధ్యాయం నడుస్తోంది. ఇస్సాకుకు చూపు పోయింది. వేటాడి వండిపెడితే దీవిస్తానని పెద్దకొడుకు ఏశావును పంపాడు. అది విన్న ఆయన భార్య రిబ్కా రెండు మేకపిల్లలను వండి, ఒంటినిండా రోమాలున్న ఏశావులా తగలాలని వాటి చర్మాలు చిన్నకొడుకు యాకోబు చేతులకూ మెడకూ కప్పి లోపలికి తోసింది. దీవెన చిన్నవాడికి పోయింది. మీరేమంటారు?

ఉప్పుస్తంభం: ఇందులో చర్చేముంది బ్రదర్? కళ్లు కనబడని మనిషిని కట్టుకున్న భార్యే మోసం చేసింది.

గిలాదు_గుగ్గిలం: కవలలు కడుపులో ఉండగానే పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని దేవుడు చెప్పింది రిబ్కాకే (25:23). ఇస్సాకేమో వేటమాంసం రుచి మరిగి ఏశావు పక్షం. ఆ ఏశావు జ్యేష్ఠత్వాన్ని, అంటే పెద్దకొడుకు హక్కును, చిక్కుడుకాయల వంటకానికి తమ్ముడికే అమ్ముకున్నాడు. ఇప్పుడు ఏడిస్తే ఎలా?

ఉప్పుస్తంభం: అమ్మింది జ్యేష్ఠత్వం సిస్టర్, దీవెన కాదు. 27:36లో ఏశావే రెండూ విడదీసి చెప్పాడు. అయినా దేవుడన్న మాట ఆమె భర్తకు చెప్పిందా? ఒక్క వచనం చూపించండి.

గిలాదు_గుగ్గిలం: చెప్పలేదని మాత్రం ఎక్కడుంది?

ఎండినబావి: ఒక్క ముసలాయనకు రెండు మేకపిల్లలా?

మమ్రే_నీడ: 28:3-4 కూడా చూడండి. తన తండ్రి అబ్రాహాముకు దేవుడిచ్చిన దేశం, సంతానం దీవెనను ఇస్సాకు యాకోబును పిలిచి, తెలిసే ఇచ్చాడు. 27లో కాజేసింది మంచు, ధాన్యం, ద్రాక్షారసం, అన్నదమ్ముల మీద పెత్తనం. అసలు వాగ్దానానికి మేకచర్మం అక్కర్లేదేమో!

ఉప్పుస్తంభం: వచనం ఇంకా రాలేదు.

గిలాదు_గుగ్గిలం: పొద్దున్నుంచీ ఒకటే పాట. మీకు రిబ్కాతో అంత పగేంటండీ?

ఉప్పుస్తంభం: ఉంది. నాన్నకు శుక్లాలు ముదిరిన రోజుల్లో, పింఛను కాగితమని చెప్పి అమ్మ ఆయనతో సంతకం పెట్టించింది. ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన తడుముకుంటుంటే వేలు పట్టి చూపించిందట. ఇల్లు తమ్ముడి పేరు మీదకు పోయింది. సంఘపెద్దల దగ్గరికెళితే "దేవుని చిత్తం బ్రదర్" అన్నారు. అదీ సంగతి.

గిలాదు_గుగ్గిలం: అనుకున్నా. మరి నాదీ వినండి. మంచాన పడ్డ నాన్నకు నీళ్లు పోసింది, పక్క మార్చింది నేను. పండక్కి స్వీట్ బాక్సుతో దిగే అన్నయ్య ఆయనకు బంగారం. పొలం వాడికే రాశారు. ఎవరూ ఏ చర్మం కప్పలేదు, అంతా పద్ధతిగానే జరిగింది. ఒక్క బిడ్డే కళ్లకానిన తండ్రిని వదిలేసి అందరూ తల్లి మీదే పడతారేం?

ఎండినబావి: ఇది ఆదికాండమా, రిజిస్ట్రార్ ఆఫీసా?

ఉప్పుస్తంభం: అందుకని దొంగ సంతకం ఒప్పా?

గిలాదు_గుగ్గిలం: ఒప్పని నేనెక్కడన్నాను!

హారాను_దారి: ఏశావు పగ చల్లారేదాకా కొన్నాళ్లు తన అన్న ఇంట్లో ఉండమని రిబ్కా యాకోబును పంపింది, 20 ఏళ్లయింది. ఆమె మళ్లీ కొడుకును చూసినట్టు ఎక్కడా లేదు. ఆ అన్న లాబానేమో యాకోబు కోరుకున్న చిన్నకూతురు రాహేలు బదులు పెద్దకూతురు లేయాను కట్టబెట్టాడు. మోసం మోసగాడికి తగిలింది కదా.

ఉప్పుస్తంభం: తగిలితే ఏశావుకు ఒరిగిందేంటి? మోసమని తెలిసి గడగడ వణికిన ఇస్సాకు కూడా "వాడు దీవించబడినవాడే" అని ఊరుకున్నాడు (27:33). ఎందుకు రద్దు చేయలేదు? నాకు మింగుడుపడనిది అది. రిబ్కా సంగతి తర్వాత.

గిలాదు_గుగ్గిలం: ఈ మాట ముందే అనాల్సింది. నా వరకు అయిపోయిందాన్ని తవ్వితే ఇల్లు ఇంకా ముక్కలవుతుంది. నేను పొలం అడగలేదు. 33వ అధ్యాయంలో ఏశావు 400 మందితో వచ్చి కూడా తమ్ముణ్ణి పరుగెత్తి కౌగిలించుకున్నాడు, "నాకు కావలసినంత ఉంది" అన్నాడు.

ఉప్పుస్తంభం: దానికి ముందు వచనం కూడా చదవండి సిస్టర్. యాకోబు ఏడుసార్లు సాష్టాంగపడ్డాడు. అంతకుముందే మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు మందలుగా పంపాడు. అన్న వద్దన్నా బలవంతపెట్టి ఇచ్చాడు. మా వాడు నా ఫోన్ కూడా ఎత్తడు. నేను ఎవర్ని కౌగిలించుకోవాలి?